సవరణ: పోద్లాషె ప్రాంతం గురించి రాసినదానిలో మూడు పొరపాట్లు

ఈశాన్య పోలండ్‌లోని పోద్లాషె పల్లెసీమలో చూడదగిన చోట్ల గురించి ఇటీవల రాశాను. అందులోని మూడు తప్పులను ఇక్కడ సరిదిద్దుతున్నాను.

మొదటిది నన్ను ఎక్కువ బాధించినది. బియావోవియెజా అడవిలో యూరప్ అడవిదున్నలు అనాదిగా తెంపు లేకుండా తిరుగుతున్నాయని రాశాను. అది నిజం కాదు. మొదటి ప్రపంచ యుద్ధ కాలంలో సైనికులు, వేటగాళ్లు వాటిని విచ్చలవిడిగా చంపారు. 1919 నాటికి ఆ అడవిలో ఒక్కటీ మిగలలేదు. జంతుప్రదర్శనశాలల్లో బతికి ఉన్న కొద్దిపాటి దున్నలను 1929లో తెచ్చి, ఆవరణల్లో పెంచి, 1952లో తిరిగి అడవిలోకి వదిలారు. ఈ రోజు అక్కడ కనిపించే ప్రతి దున్న వెనుక ఆ ఓపిక ఉంది. దాన్ని చెప్పకుండా వదిలేయడం అన్యాయం.

రెండవది, అడవిలో ఎక్కడికైనా ఒంటరిగా వెళ్లవచ్చన్నాను. నేషనల్ పార్కులోని కఠిన రక్షిత భాగంలోకి అనుమతి ఉన్న గైడుతోనే వెళ్లాలి. మిగిలిన అడవిలో నడక దారులు, సైకిలు దారులు చాలావరకు అందరివీ.

మూడవది, రెండు ప్రార్థనా మందిరాలను తారుమారు చేశాను. చెక్కతో కట్టినది క్రుషినియాని అనే ఊళ్లోని తాతారుల (తుర్కిక్ మూలాలున్న ముస్లింల) మసీదు. 1679లో రాజు మూడవ యాన్ సోబియెస్కీ జీతం బకాయిల కింద తాతారు సైనికులకు అక్కడ భూములిచ్చాడు. టికోచిన్‌లోని యూదుల సినగాగు 1642 నాటి ఇటుక కట్టడం. గోడల నిండా ప్రార్థనా వాక్యాలు. ఇప్పుడది మ్యూజియం. ఆ ఊరి యూదులను 1941 ఆగస్టులో నాజీలు దగ్గరి వొపుహోవో అడవిలో కాల్చి చంపారు. టికోచిన్ వెళ్లేవారు అక్కడికీ వెళ్లండి.