మహారాజశ్రీ అడవి మట్టిరోడ్డు గారికి

మహారాజశ్రీ కొండవాలు మట్టిరోడ్డు గారి దివ్యసముఖమునకు, దిగువన నీళ్లు తాగేవాళ్లు చేయు విన్నపములు. ఉభయకుశలోపరి.

ఎండాకాలమంతా మీరు రోడ్డుగా ఉంటారు. అక్టోబరులో మొదటి వాయుగుండం పట్టగానే వాగుగా ప్రమోషన్ తీసుకుంటారు. నల్లమలలోనూ, వెలిగొండల్లోనూ మీ బంధువర్గానిదంతా ఇదే పద్ధతి. ఇంత పెద్ద మార్పు గెజిట్‌లో రాదు, పేపర్లో రాదు. వాగులో ఎర్రనీళ్లు దిగితే "అడవిని నరికేస్తే ఇట్టాగే ఉంటది" అంటారు. మేకల్ని అంటారు, కట్టెలమోపు తెచ్చుకునే చెంచుల్ని అంటారు. మీ పేరు మాత్రం ఒక్కరూ ఎత్తరు. చెట్టు కొట్టినదానికన్నా, ఆ చెట్టును దించడానికి వేసిన దారే వాగులోకి ఎక్కువ మట్టిని పంపుతుందని అడవి నీళ్లను కొలిచేవాళ్లు దశాబ్దాలుగా చెబుతూనే ఉన్నారు. మీకు రావలసిన కీర్తి మేకలకు పోతోందన్న బాధతోనే ఈ ఉత్తరం.

ముందు మీ ఘనత లెక్కలు చూద్దాం. మీ వెడల్పు మూడున్నర మీటర్లు అనుకుందాం. ఒక కిలోమీటరు పొడవున పది సెంటీమీటర్ల వాన పడితే 350 ఘనపు మీటర్ల నీళ్లు. 5,000 లీటర్ల ట్యాంకర్లయితే డెబ్బై. పక్కనే అడవిలో అదే వానను ముందు రాలిన ఆకులు అడ్డుకుంటాయి, తర్వాత వేళ్ల సందుల్లోంచి నేల మింగుతుంది. మీరు చక్రాల కింద నలిగి నలిగి గట్టిపడ్డారు, మింగే అలవాటు ఎప్పుడో పోయింది. పైగా కొండవైపు గట్టును నిలువుగా కోసి మిమ్మల్ని పరిచినప్పుడు, భూమి లోపల నిదానంగా నడిచే ఊటనూ కోశారు. అదీ బయటపడి మీ పక్క కాలవలోనే కలుస్తుంది.

ఈ డెబ్బై ట్యాంకర్లను ఎక్కడికక్కడ అడవిలోకి వదిలేస్తే మిమ్మల్ని అడిగేవాడు లేడు. మీరు వదలరు. టైర్ల గాడిలో పెట్టుకుని, కనుమ మీదనుంచి పోగేసుకుంటూ వచ్చి, మొత్తం వాగు దగ్గర ఒకేసారి అప్పజెబుతారు. దారిలో మీ ఒంటిమీద ఒక్క సెంటీమీటరు మందం కొట్టుకుపోయినా కిలోమీటరుకు 35 ఘనపు మీటర్ల మట్టి, అంటే వంద ఘనపుటడుగులు పట్టే ట్రాక్టరు ట్రక్కులు పన్నెండు. డీజిల్ ఖర్చు లేదు, డ్రైవరు బేటా లేదు.

అయినా మీరు పంపేది ఇసకైతే మేమింతగా నొచ్చుకునేవాళ్లం కాదు. మార్కాపురం పలకరాయి పుట్టిన నేల ఇది. ఆ రాయి నలిగితే గరుసు కంటే మెత్తటి బంకే ఎక్కువ. రెండు మైక్రాన్ల (మిల్లీమీటరులో అయిదువందలో వంతు) బంకరేణువు మీటరు లోతు దిగాలంటే కదలని నీళ్లలోనే మూడు రోజులకు పైగా పడుతుంది. వాయుగుండం వానలో కదలని నీళ్లు ఎక్కడున్నాయి గనక? అందుకే మీ మట్టిని పట్టుకుంటామని కింద వాగులో కట్టే చెక్‌డ్యాముల్ని చూస్తే మీకు నవ్వొస్తుందనుకుంటాం. అవి గులకరాళ్లనీ ఇసకనీ ఆపుతాయి. బంక కట్ట మీదనుంచి దర్జాగా దాటి, గుండ్లకమ్మలో పడి, కంభం చెరువు దారి పడుతుంది. రెండు గట్టి వానలకు చెక్‌డ్యాం నిండిపోతుంది, దాని మీద అంచనా విలువ రాసిన రాతిపలక మాత్రం శుభ్రంగా ఉంటుంది. మరుసటేడు ఇంకో చెక్‌డ్యాం. మీ మీద ఖర్చుపెట్టాల్సిన డబ్బు మీ కింద ఖర్చుపెట్టడం అనే ఈ ఏర్పాటు ఎవరి తలలో పుట్టిందో గానీ, మీకు బాగా కలిసొచ్చింది.

కనిగిరి వైపు ఊళ్లలో బోరు వేస్తే ఫ్లోరైడు. అందుకని పైనీళ్లు తెచ్చి తాగించాలంటారు. తాగునీటి మడ్డి, దాన్ని కొలిచే ఎన్‌టీయూ లెక్కలో, ఒకటికి మించకూడదని, వేరే దిక్కు లేకపోతే అయిదు దాకా ఓర్చుకోవచ్చని భారత ప్రమాణం ఐఎస్ 10500 చెబుతుంది. వాగు ఎరుపెక్కిన రోజున ఫిల్టరు దగ్గర పటిక మోతాదు పెరుగుతుంది, ఇసక పడకలు పూడుకుపోతాయి. బంక చాటున దాక్కున్న క్రిముల్ని క్లోరిన్ అంటదు. ఊళ్లో పిల్లలకు విరేచనాలు పట్టుకుంటే మిమ్మల్ని ఎవరూ అనుమానించరు, నిశ్చింతగా ఉండండి.

ఇక మీకు వైద్యం. మీకు ఇష్టం ఉండదని తెలుసు, అయినా చెబుతాం.

మొదటిది, రోడ్డుకు అడ్డంగా ఏటవాలుగా వేసే మట్టికట్ట. ముప్పై సెంటీమీటర్ల లోతు గాడి తవ్వి, ఆ మట్టినే దిగువవైపు ముప్పై సెంటీమీటర్ల ఎత్తు కట్టగా పోసి, గట్టిగా దిమ్మిస కొట్టాలి. ఏటవాలు లేకుండా తిన్నగా అడ్డం వేస్తే నీళ్లు ఆగి, నిలిచి, కట్టను తెంచుకుపోతాయి. ముప్పై డిగ్రీల ఏటవాలు ఉంటేనే పక్కకు జారతాయి. కొండవైపు చివర గట్టులోకి దిగి ఉండాలి, లేకుంటే నీళ్లు ఆ సందులోంచి చుట్టుతిరిగి వస్తాయి. లోయవైపు చివర తెరిచి ఉండాలి, అక్కడ తలకాయంత రాళ్లు పరవాలి. దూరం వాలును బట్టి ఉంటుంది: 5 శాతం వాలుకు (అంటే వంద అడుగులకు అయిదడుగుల దిగుడు) 135 అడుగులకొకటి, 10 శాతానికి 80, 20 శాతానికి 45. ఇవి మన దగ్గర మొదటి వారానికే ఎందుకు చస్తాయంటే, జీపు డ్రైవరు దాన్ని స్పీడ్‌బ్రేకరు అనుకుని పక్కనుంచి తిప్పుతాడు. పక్కన కొత్త గాడి పడుతుంది. నీళ్లకు అది చాలు.

బండ్లు రోజూ తిరిగేచోట దానికన్నా మెరుగైనది పొడవాటి పల్లం. అమెరికాలో నార్త్ కరోలినా కొండల్లో అడవి నీళ్లను కొలిచే కొవీటా ప్రయోగశాల వాళ్లు పెంచి పోషించిన పద్ధతి. దిగుతున్న రోడ్డును ఒకచోట ఇరవై అడుగుల మేర 3 శాతం ఎదురువాలు ఎక్కించి, ఆ పల్లంలోంచి నీళ్లను లోయవైపు వదులుతారు. లారీ కుదుపు లేకుండా దాటుతుంది కాబట్టి ఎవరూ తప్పించుకోవాలని చూడరు. లెక్క కూడా నోటికొచ్చేదే: 400ను వాలు శాతంతో భాగించి 100 కలిపితే, రెండు పల్లాల మధ్య దూరం అడుగుల్లో వస్తుంది. 5 శాతానికి 180, 8 శాతానికి 150. వాలు పది దాటితే ఈ పల్లం పనికిరాదు. అసలు అంత నిటారుగా మిమ్మల్ని ఎవరు వేయమన్నారో!

రోడ్డు కిందనుంచి నీళ్లు దాటించే తూముల సంగతి క్లుప్తంగా చెబుతాం. అడుగున్నర వ్యాసం కంటే తక్కువది వేస్తే కొమ్మలూ ఆకులూ చేరి మూతిపడుతుంది. ఖర్చు కలిసొస్తుందని అడుగు తూము వేస్తారు, అది మొదటి వానకే మూసుకుని నీళ్లు రోడ్డెక్కుతాయి. పొడవు చాలని తూమైతే మూతి గాల్లో వేలాడుతూ, పోసిన మట్టి మీదే ధార పడేసి, కిందినుంచి మిమ్మల్నే తినేస్తుంది. అది కాస్త న్యాయంగానే అనిపిస్తుంది.

డబ్బు ఒక్క పనికే ఉందంటే ఏది చెయ్యాలి? మా మాట: వాగుకు అటూ ఇటూ యాభై మీటర్లు. తక్కినదంతా వదిలెయ్యండి. వాగు ఒడ్డుకు చేరకముందే ఆఖరి కట్టో పల్లమో పడాలి, అక్కడ మళ్లిన నీళ్లు ఆకులున్న నేల మీద పరుచుకోవాలి, వాగులోకి తిన్నగా వెళ్లకూడదు. అక్కడినుంచి చప్టా దాకా గరుసు పరవాలి. వాగును ఏటవాలుగా కాకుండా తిన్నగా అడ్డంగా, అన్నిటికన్నా ఇరుకైనచోట దాటాలి. ఒడ్డు వెంట తోడుగా నడవడం మీకు ముచ్చటే గానీ, మాకు కాదు. ఎంత ఎడంగా ఉండాలో 1957లోనే అమెరికా అటవీ పరిశోధకులు చెప్పేశారు: 25 అడుగులు, ఆపైన వాలు ఒక్కో శాతానికి రెండేసి అడుగులు. ఊరికి తాగునీరిచ్చే వాగైతే అన్నీ రెట్టింపు. 20 శాతం వాలు మీద అది 130 అడుగులవుతుంది. ఆ మధ్య నేలలో పొదలూ, రాలిన కొమ్మలూ ఉండనివ్వాలి. "క్లీనింగ్" పేరుతో ఊడ్చేయకూడదు.

అదే దేశం తన ప్రభుత్వ అడవుల కోసం 2012లో నీటి నాణ్యత పద్ధతులన్నీ ఒకచోట చేర్చి ప్రకటించింది. అందులో మీ జాతికి ప్రత్యేకంగా ఒక అధ్యాయమే ఉంది. అక్కడ మీకు ఎంత గౌరవమో చూడండి! ఇక్కడేమో ఎవరైనా వచ్చి మీ వీపు గీరి వెళతారు.

ఆ గీకుడు గురించి చెప్పకపోతే ఉత్తరం అసంపూర్ణం. మీకు లోయవైపు 3 శాతం వాలు ఉంటే చాలు, నీళ్లు ఎక్కడివక్కడ పక్కకు జారిపోతాయి. గ్రేడరో జేసీబీయో వచ్చి గాడులు చదును చేసి, గీరిన మట్టిని లోయవైపు అంచున జానెడు ఎత్తు గట్టుగా వదిలేసి పోతుంది. చూడ్డానికి రోడ్డు అద్దంలా ఉంటుంది, బిల్లూ పాసవుతుంది. ఆ జానెడు గట్టుతో మీరు నిఖార్సైన కాలవగా మారతారు. 3 శాతం వాలున్నా నీళ్లు బయటపడే దారి ఉండదు. పని చేయకపోయినా బాగుండేదనిపించే మరమ్మతు ఇది.

మన వాన ఈశాన్య రుతుపవనానిది. కార్తీకమాసమూ అప్పుడే. కోనల్లోని శివాలయాలకు ట్రాక్టర్లూ ఆటోలూ బారులు తీరేదీ అప్పుడే. నాలుగు అంగుళాల గాడి పడ్డ రోజున గేటుకు గొలుసు వేసి, రెండు ఎండలు కాసిందాకా బండ్లు ఆపాలి. ఆ గొలుసు వేసేవాడికి పైనుంచి ఫోన్లు వస్తాయి, తెలుసు. అందుకే గేటు ఉంటుంది, గొలుసు ఉంటుంది, తాళం మాత్రం ఉండదు.

కాబట్టి విన్నపం ఏమంటే, సెప్టెంబరు ఆఖరులోపు ఆ అంచు గట్టును ఎక్కడికక్కడ తెంపించుకోండి. యాభై అడుగులకొక తెంపు, మూడడుగుల వెడల్పు. అది పూర్తిగా పోతే ఇంకా మంచిది. పొక్లెయిన్ అక్కర్లేదు, ఇద్దరు మనుషులూ రెండు పారలూ చాలు. మొదటి గట్టి వాన కురుస్తుండగానే ఒకరు గొడుగేసుకుని మీ వెంట నడవాలి. నీళ్లు ఎక్కడ పక్కకు పోతున్నాయో, ఎక్కడ పోవడంలేదో ఆ గంటలోనే కనిపిస్తుంది. ఎండలో చేసే తనిఖీలో మీరెప్పుడూ బుద్ధిమంతులే.

ఇట్లు,
మీరు పంపిన నీళ్లను తేర్చుకుని తాగేవాళ్లు

తా.క.: పొక్లెయిన్ వచ్చినప్పుడు వాగు ఒడ్డున చెట్టునీడ ఉంది కదా అని అక్కడే ఆయిలు మారుస్తున్నారు, డీజిల్ డ్రమ్ములు అక్కడే దించుతున్నారు. వాగుకు దూరంగా, వంద అడుగులు గట్టు పైకి జరగమనండి. నీడ అక్కడా ఉంది.