కొంచెం అడ్జస్ట్ అవ్వండి అట!

ఇప్పుడే ఆటో దిగాను. కుడికాలు తిమ్మిరి ఇంకా వదల్లేదు. కొత్తపేటలో ఎక్కినప్పుడు వెనక సీట్లో ముగ్గురం. రావులపాలెం వచ్చేసరికి ఐదుగురం, పైగా మార్కెట్‌కి వెళ్లే ఓ చక్కెరకేళి గెల. అది నా ఒళ్లో. "కొంచెం అడ్జస్ట్ అవ్వండి మేడంగారూ, ఆయ్" అన్నాడు డ్రైవరు. మా కోనసీమ మర్యాద అంతేనండి, తోసేటప్పుడు కూడా గారు, ఆయ్ తగిలించే తోస్తారు. కొత్త చీర కుచ్చిళ్ల మీద అరటి కర. ఏం పెట్టి ఉతికినా పోదు, పోయిందన్నవాళ్లుంటే చెప్పండి.

నేను పిల్లలకు ఇంగ్లిష్ చెప్పేదాన్ని. అడ్జస్ట్ అంటే వాచీ టైము సరిచేయడం, బండి అద్దం మనకి కనపడేలా తిప్పుకోవడం. పోనీ కొత్త ఊరికి మెల్లగా అలవాటు పడడం. అంతేగానీ, నా సీటు ఇంకొకరికిచ్చి నవ్వుతూ కూర్చోడం అని ఏ డిక్షనరీలో ఉందండీ? అమెరికాలో ఇన్సూరెన్స్‌లో అడ్జస్టర్ అని ఒకాయన ఉంటాడు. నష్టం లెక్కగట్టి మనకెంత రావాలో తేలుస్తాడు. అడ్జస్ట్ చేస్తే మనకి డబ్బులొస్తాయిట, విన్నారా!

ఇక్కడ అడ్జస్ట్ చేసేవాడు ఒకడు, అయ్యేవాడు ఇంకొకడు. దాళ్వా (రెండో పంట) ధాన్యం అమ్మినప్పుడు చూశాగా. తేమ 17 శాతం దాటకూడదన్నారు. మా నాన్న రోడ్డు మీద పరదాలేసి నాలుగు రోజులు ఎండబెట్టారు, రాత్రిళ్లు మబ్బు చూసుకుంటూ అక్కడే మంచమేసుకున్నారు. మిషను పెడితే 16 చూపించింది. అయినా కాటా దగ్గర కుర్రాడు, "బస్తాకి రెండు కేజీలు అడ్జస్ట్ చేసుకోండి బాబాయ్" అన్నాడు. ఎందుకురా అంటే తాలు, అదే పొల్లు గింజలు, అన్నాడు. తాలు ఏదిరా అంటే నవ్వాడు. అసలు కాటాని అడ్జస్ట్ చేయడమంటే ముల్లు సరిగ్గా నిలబెట్టడం కదా! నాన్న మాత్రం "పోనీలేమ్మా, లారీ వెళ్లిపోతుంది" అన్నారు.

అరవై బస్తాలు. నూట ఇరవై కేజీలు. ఆ లెక్క ఆయన మర్చిపోయారు, నేను మర్చిపోలేదు.

అన్నట్టు ఆటోలో గెలకి టిక్కెట్టు లేదు. నాకు మాత్రం ఫుల్ ఛార్జీ తీసుకున్నాడు.