మికొవాయ్‌చిక్ ఓడిపోయి పారిపోయాడా?

"పోలెండ్ రైతు నాయకుడు స్తానిస్వావ్ మికొవాయ్‌చిక్ భూస్వాముల మనిషి. 1947 ఎన్నికల్లో జనం పది శాతానికి దించేసరికి పిరికివాడిలా దేశం వదిలి పారిపోయాడు." అప్పటి కమ్యూనిస్టు ప్రభుత్వం చెప్పిన ఈ మాటనే ఇప్పటికీ కొందరు చరిత్ర పేరుతో పంచుకుంటున్నారు. ఇందులో ఆయన దేశం వదిలి వెళ్లడం మాత్రం నిజం.

ముందు భూస్వామి సంగతి. ఆయన 1901లో పుట్టింది జర్మనీలో, బతుకుతెరువు కోసం వలసవెళ్లిన పోలిష్ కుటుంబంలో. కుర్రవాడిగా చక్కెర ఫ్యాక్టరీలో పనిచేశాడు. 1946 జూన్ 30 రెఫరెండంలో (ప్రజాభిప్రాయ సేకరణలో) భూసంస్కరణ ప్రశ్నకు "అవును" అనే ఓటు వేయమని ఆయన రైతు పార్టీ పీఎస్ఎల్ చెప్పింది. భూస్వాముల పార్టీ అలా చెబుతుందా?

"కాదు" అనమన్నది ఒక్క సెనేట్ (పార్లమెంటు ఎగువ సభ) రద్దు ప్రశ్నకే. నిజానికి సెనేట్ వద్దన్నది రైతు పార్టీల పాత మాటే. తమ బలం ఎంతో తేల్చుకోవడానికి ఇలా అడ్డం తిరిగారు. ఈ ఎత్తుగడ నాకైతే నచ్చదు. కానీ బలం ఉన్నమాట నిజం. ఆ ప్రశ్నకు 68 శాతం "అవును" అన్నారని ప్రభుత్వం ప్రకటించింది. తర్వాత బయటపడ్డ వాళ్ల సొంత రహస్య పత్రాల్లో ఆ లెక్క 27 శాతం దగ్గరే ఉంది! క్రాకోవ్ నగరంలో లెక్క మార్చడం కుదరలేదు. అక్కడ 84 శాతం "కాదు" అన్నట్టు ఒప్పుకోక తప్పలేదు.

ఇక ఆ పది శాతం. 1947 జనవరి 19 ఎన్నికల్లో 52 నియోజకవర్గాలకు గాను పదింటిలో పీఎస్ఎల్ అభ్యర్థుల జాబితాలనే కొట్టేశారు. అప్పటికే వందమందికి పైగా పార్టీవాళ్లు హత్యకు గురయ్యారు, వేలమంది జైళ్లలో ఉన్నారు. అంతకుముందు ఏడాది పార్టీ సభ్యులే దాదాపు 8 లక్షలు. అధికారికంగా వచ్చిన ఓట్లు సుమారు 11.5 లక్షలు. అంటే సగానికి పైగా సభ్యుల ఇళ్లలో పెళ్లాం కూడా ఓటేయలేదని నమ్మాలన్నమాట.

పిరికితనమా? యుద్ధకాలంలో, 1943-44లో, లండన్‌ నుంచి నడిచిన పోలెండ్ ప్రవాస ప్రభుత్వానికి ప్రధానిగా ఉన్న మనిషి అక్కడే హాయిగా ఉండిపోవచ్చు. సహచరులు వద్దంటున్నా 1945లో వార్సాకు తిరిగొచ్చి, కమ్యూనిస్టుల చేతిలోని ప్రభుత్వంలో ఉప ప్రధాని, వ్యవసాయ మంత్రి అయ్యాడు. రెండేళ్లు నెట్టుకొచ్చాడు. చుట్టుపక్కల ఏం జరుగుతోందో కళ్లముందే ఉంది. హంగరీలో రైతు పార్టీ ప్రధాని ఫెరెన్స్ నాగ్‌ని గద్దె దించారు. రుమేనియాలో రైతు పార్టీ నాయకుడు యులియు మానియుని అరెస్టు చేశారు. బల్గేరియాలో రైతు నాయకుడు నికోలా పెట్కోవ్‌ని 1947 సెప్టెంబరు 23న ఉరి తీశారు. మికొవాయ్‌చిక్ వెళ్లింది ఆ తర్వాతి నెలలో, గ్దీనియా రేవు నుంచి, బ్రిటిష్ ఓడలో దాక్కుని.

ఆయన్ని తప్పుపట్టాలంటే చోటు లేకపోలేదు. తాను దాటిపోయాడు గానీ వెనకున్నవాళ్లు చిక్కుకుపోయారు. ఆయన కార్యదర్శి మారియా హులెవిచోవా సరిహద్దు దాటే ప్రయత్నంలో చెకోస్లోవేకియాలో పట్టుబడి, పోలెండ్ జైలుకు చేరింది.