కారణాలు చెప్పని తీర్పు

మా వకీలు గారు మేయర్ ఎన్నికలో ఓడిపోయారు. ఓడిపోయారని నేనంటున్నాను గానీ ఆయన ఒప్పుకోరు. ‘తీర్పు వ్యతిరేకంగా వచ్చింది’ అంటారు. రెండింటికీ చాలా తేడా ఉందట. ఓడినవాడు తలవంచుకుని ఇంటికి పోతాడు. వ్యతిరేక తీర్పు వచ్చినవాడు సర్టిఫైడ్ కాపీకి దరఖాస్తు పెట్టుకుంటాడు. ఆయన పెట్టుకున్నారు కూడా. ఓటర్లు తనను ఏయే కారణాలతో తిరస్కరించారో రాతపూర్వకంగా తెలియజేయాలని ఎన్నికల అధికారికి అర్జీ ఇచ్చారు. ఆ అధికారి కాసేపు కాగితం వైపు, కాసేపు వకీలు గారి వైపు చూసి, ‘కూర్చోండి సార్, మంచినీళ్ళు తెప్పించమంటారా?’ అన్నాడట.

ఇంతటి ఘట్టం రికార్డుల్లోకి ఎక్కకుండా పోతే భావితరాలు మనల్ని క్షమించవు. అందుకే ఈ కేసు పూర్వాపరాలు పాఠకుల ముందు దాఖలు చేస్తున్నాను. నాకు ఆయన మీద కోపం గానీ, ప్రత్యేకమైన ప్రేమ గానీ లేవు. నా స్థలం కేసు ఆయన దగ్గరే ఉంది. ఇంకా ఉంది.

ముందుగా మేనిఫెస్టో సంగతి. నలభై రెండు పేజీలు. అందులో మొదటి ఆరు పేజీలు నిర్వచనాలు. ‘నగరం’ అంటే ఏమిటి, ‘పౌరుడు’ అంటే ఎవరు, ‘రోజూ’ అన్న మాటలో సెలవు దినాలు చేరతాయా చేరవా, అన్నీ తేల్చేశారు. తొమ్మిదో పేజీలో తాగునీటి వాగ్దానం ఉంది. ‘పైన పేర్కొన్న నగర పరిధిలో, దిగువ తెలిపిన మినహాయింపులకు లోబడి, తన చేతిలో లేని కారణాలు ఎదురైన సందర్భాల్లో తప్ప, సదరు అభ్యర్థి ప్రతి గృహమునకు నీరు సరఫరా చేయుటకు సహేతుకమైన ప్రయత్నము చేయగలడు.’ ప్రత్యర్థి మేనిఫెస్టో ఎదురుగా గోడ మీదే ఉంది. ‘నీళ్ళొస్తాయి.’ అంతే. నిర్వచనాల్లేవు, మినహాయింపుల్లేవు, చివర్న చుక్క కూడా సున్నం అయిపోయి సగమే పడింది.

ఇక్కడ ఓ మాట ఒప్పుకోవాలి. ఈ రెండు వాగ్దానాల్లో నిజాయితీ ఉన్నది మొదటిదానికే. చాలా నగరాల్లో మేయర్ చేతిలో ఉండేదెంత? సంతకం కమిషనర్ దగ్గర, డబ్బు పై ప్రభుత్వం దగ్గర, గొలుసు మాత్రం మేయర్ మెడలో. ఆ గొలుసుతో పైపులు వేయలేమని నలభై రెండు పేజీల్లో చెప్పిన ఏకైక అభ్యర్థి మా వకీలు గారు. అయితే దాహమేసినవాడికి మినహాయింపులు చదివే ఓపిక ఉండదు. నేనూ చదవలేదు. తొమ్మిదో పేజీ గురించి ఆయన గుమాస్తా చెబితే తెలిసింది.

ఇంటింటి ప్రచారంలో ఓ రోజు నేనూ వెంట వెళ్ళాను. ఓ పెద్దావిడ గుమ్మంలోనే నిలబడి ఉంది. ఎడమ చేతికి కట్టు.

‘మా వీధి మొదట్లో గుంట ఉంది బాబూ. అందులో పడి చెయ్యి విరగ్గొట్టుకున్నాను. నువ్వన్నా పూడ్పించు.’

ఏ అభ్యర్థయినా ఏం చేస్తాడు? అయ్యో అంటాడు, ఆ చెయ్యి పట్టుకుని ఫొటో దిగుతాడు. మా వకీలు గారు కళ్ళజోడు సర్దుకున్నారు.

‘ఎప్పుడు పడ్డారు?’

‘మొన్న వానలప్పుడు.’

‘తేదీ?’

‘గుర్తు లేదు బాబూ.’

‘గుర్తు లేదు. సరే. పగలా, రాత్రా?’

‘చీకటి పడ్డాక.’

‘చీకటి అంటున్నారు. మరి చీకట్లో అది గుంట అని మీకెలా కనిపించింది?’

‘కనిపించలేదు గనకే కదా పడ్డాను!’

‘అడిగినదానికే జవాబు చెప్పండి. గుంట లోతెంత? మీరు స్వయంగా కొలిచారా?’

‘పడేటప్పుడు నా దగ్గర టేపు లేదు నాయనా.’

వకీలు గారు మా వైపు తిరిగి గెలిచినట్టు తలూపారు. వెనకాల జూనియర్ ఇదంతా రాసుకుంటున్నాడు. వీధి దాటాక ఆ కుర్రాడే ధైర్యం చేసి, ‘సార్, ఆవిడ మన ఓటరు’ అన్నాడు. ‘కావచ్చు. కానీ సాక్షిగా నిలబడలేకపోయింది’ అన్నారాయన.

ఆయన్ని తప్పుపట్టలేం. పాతికేళ్ళు చేసిన పని చేతికి అలా అంటుకుపోతుంది. ఎదుటివాడు చెప్పినదానిలో సందు వెతకడమే ఆయన వృత్తి. ఆ సందులో తానే పడిపోతానని ఆయనకు ఎవరూ చెప్పలేదు. చెప్పినా ఆధారం అడిగేవారు.

బహిరంగ సభ ఇంకా గంభీరంగా జరిగింది. ఆయన చేతిలో పేపర్ చీటీలు పెట్టిన లావుపాటి పుస్తకాలు ఏడు. వకీళ్ళే నగరాలను ఏలాలనడానికి పూర్వ దృష్టాంతాలు ఒక్కొక్కటే చదివారు. 1924లో కలకత్తా నగరపాలక సంస్థకు తొలి మేయర్ చిత్తరంజన్ దాస్, బారిస్టర్. అదే ఏడాది అహ్మదాబాద్ మున్సిపాలిటీ అధ్యక్షుడు వల్లభభాయ్ పటేల్, బారిస్టర్. అంతకు ముందు ఏడాది అలహాబాద్ మున్సిపాలిటీ పీఠం ఎక్కినవాడు జవహర్‌లాల్ నెహ్రూ, ఆయనా బారిస్టరే. ‘కాబట్టి మై లార్డ్, ఈ దృష్టాంతాల వెలుగులో...’ అన్నారు. అలవాటులో నోరు జారిన మాటే గానీ జనం ఒక్కసారిగా చప్పట్లు కొట్టారు. పుట్టి బుద్ధెరిగాక తమను ఎవరూ మై లార్డ్ అనలేదు మరి. ఆ సభలో చప్పట్లు పడింది ఆ ఒక్కచోటే. అక్కడితో కూర్చుని ఉంటే ఈ వ్యాసం రాసే అవసరం వచ్చేది కాదేమో. ఆయన కూర్చోలేదు. రెండో పుస్తకం తెరిచారు.

దృష్టాంతాల్లో తప్పేమీ లేదు. అయితే ఎదుటి పక్షం వకీలు ఎవరైనా ఉండుంటే వెంటనే లేచి అభ్యంతరం చెప్పేవాడు. దాస్‌నీ, పటేల్‌నీ, నెహ్రూనీ ఆ కుర్చీల్లో కూర్చోబెట్టింది వీధిలో జనం కాదు. గది లోపల కూర్చున్న సభ్యులు. అంటే బెంచి లాంటిదే. కాస్త పెద్ద బెంచి. పేర్లు తెలుస్తాయి, మొహాలు కనిపిస్తాయి, ఎవరు ఎటు మొగ్గుతున్నారో పసిగట్టి వాదన మార్చుకోవచ్చు. ఊరంతా కలిసి నేరుగా మేయర్‌ని ఎన్నుకునే చోట ఆ విద్య పనికిరాదు. జడ్జి గారికి జీతమిస్తారు కాబట్టి వింటారు. కునుకు తీసినా కుర్చీలోనే తీస్తారు. ఓటరుకి ఆ నిర్బంధం లేదు. వాదన మధ్యలో లేచి వెళ్ళిపోవచ్చు. అసలు రాకుండానే తీర్పు చెప్పొచ్చు. పైగా ఆ తీర్పుకి కారణాలు రాయనక్కర్లేదు. రహస్య బ్యాలెట్ అనే ఈ ఏర్పాటును 1856లో ఆస్ట్రేలియాలోని విక్టోరియా, దక్షిణ ఆస్ట్రేలియా కాలనీలు మొదలుపెట్టాయి, తర్వాత లోకమంతా అందుకుంది. న్యాయశాస్త్రానికి అంతకు మించిన అవమానం ఇంకోటి జరగలేదని మా వకీలు గారి అభిప్రాయం. కారణం చెప్పని తీర్పు మీద అప్పీలుకి వెళ్ళేదెలా?

కారణాలు ఆయనకు తెలియకపోవచ్చు గానీ గుమాస్తాకు తెలుసు. ఓ సాయంత్రం లెక్క కట్టి చూపించాడు. ప్రతి కేసులోనూ రెండు పక్షాలుంటాయి. గెలిచిన కేసుల్లో ఎదుటి పక్షం మొత్తం మనకు శత్రువులు. ఓడిన కేసుల్లో మన పక్షం మొత్తం శత్రువులు. ఎటూ తేలని కేసుల్లో రెండు పక్షాలూ శత్రువులే, వాయిదాల పుణ్యమా అని వాళ్ళలో వాళ్ళు స్నేహితులైపోయారు కూడా. ఇక మిగిలింది మనం గెలిపించిన కక్షిదారులు. వాళ్ళయినా వేస్తారనుకున్నారు. కానీ గెలిచినవాడు ఎప్పుడూ ‘నా పక్షాన న్యాయం ఉంది గనక గెలిచాను, వకీలు చేసిందేముంది, ఫీజు తీసుకోవడం తప్ప’ అనే అనుకుంటాడు. కోర్టులో ఓడినవాడు అక్కడే ఏడిస్తే గెలిచినవాడు ఇంటికొచ్చి ఏడ్చాడని ఊరికే అనలేదు పెద్దవాళ్ళు. ఇద్దరూ ఏడ్చి, కళ్ళు తుడుచుకుని, నేరుగా పోలింగు బూత్‌కి వెళ్ళారు.

‘మరి ఈ మాట ముందే ఆయనకు చెప్పొచ్చుగా?’ అన్నాను.

‘నన్ను ఎవరూ ప్రశ్న అడగలేదు సార్’ అన్నాడు గుమాస్తా. అతనిదీ పాతికేళ్ళ సర్వీసే.

ఓట్ల లెక్కింపు రోజు గురించి ఎక్కువ చెప్పను. మొదటి రౌండు కాగానే వాయిదా అడిగారు. రెండో రౌండు కాగానే రాజీకి సిద్ధమన్నారు. మూడో రౌండుకి డిపాజిట్ పోయింది. దాన్ని ఆయన కోర్టు ఫీజు కింద రాసుకున్నారు.

ఓటమి తర్వాత వారం రోజులు ఆయన ఆఫీసు గదిలోంచి బయటికి రాలేదు. అందరికీ ఒకటే టెన్షన్. తీరా చూస్తే ఆయన చేస్తున్నది పరిశోధన. మేయర్ పదవికి పోటీ చేసి ఓడిపోయిన వకీళ్ళ దృష్టాంతాలు పోగేస్తున్నారు. ఒక్క న్యూయార్క్ నగరమే ఒక ఫైలు నింపేసింది.

1929లో ఫియొరెల్లో లాగార్డియా అనే వకీలు అక్కడ మేయర్ జిమ్మీ వాకర్ మీద పోటీ చేశాడు. వాకర్ కూడా వకీలే, అయితే పాటలు కూడా రాసేవాడు. లాగార్డియా ఊరంతా తిరిగి నగరపాలనలో అవినీతి ఉందని వాదించాడు. జనం పాటల వకీలునే భారీ మెజారిటీతో గెలిపించారు. 1932లో అవినీతి విచారణ నడుస్తుండగానే వాకర్ రాజీనామా చేసి వెళ్ళిపోయాడు. 1933లో లాగార్డియా గెలిచి, మూడు దఫాలు పాలించాడు. ఇప్పుడు అక్కడి విమానాశ్రయానికి ఆయన పేరే. ఈ పేజీ మీద మా వకీలు గారు ఎర్ర పెన్సిల్‌తో మూడు గీతలు గీశారు. వాదన సరైనదే, తీర్పే నాలుగేళ్ళు ఆలస్యమైందని ఆయన భాష్యం. నాలుగేళ్ళ ఆలస్యం ఆయన దృష్టిలో ఆలస్యమే కాదనుకోండి.

1977 పేజీ ఇంకా చిత్రం. మారియో కువోమో అనే వకీలు అదే కుర్చీ కోసం ఎడ్ కాచ్ అనే మరో వకీలుతో తలపడ్డాడు. ముందు సొంత పార్టీ లోపలి ఎన్నికలో ఓడాడు. అది చాలక ఇంకో పార్టీ తరఫున అసలు ఎన్నికలోనూ నిలబడి మళ్ళీ ఓడాడు. తర్వాత రాష్ట్రానికి గవర్నర్ అయ్యాడు, అది వేరే సంగతి. ఆయన కొడుకు ఆండ్రూ కూడా వకీలే, ఆయనా గవర్నర్‌గా చేశాడు. 2025లో మేయర్ పదవికి దిగి, ముందు పార్టీ ఎన్నికలో ఓడి, మళ్ళీ స్వతంత్రుడిగా నిలబడి అసలు ఎన్నికలోనూ ఓడాడు. తండ్రి ఓడిన పద్ధతిలోనే, అన్ని మెట్లూ దిగి. వంశపారంపర్య హక్కంటే ఇదీ. కాచ్ దొర మాత్రం పన్నెండేళ్ళు ఏలాక 1989లో పార్టీ ఎన్నికలోనే డేవిడ్ డింకిన్స్ చేతిలో ఓడిపోయాడు. డింకిన్సూ వకీలే. ‘ప్రజలు నన్ను బయటికి గెంటారు, ఇప్పుడు ప్రజలు శిక్ష అనుభవించాల్సిందే’ అన్న మాట కాచ్ పేర ఇప్పటికీ తిరుగుతోంది. ఓడిపోయి కూడా శిక్ష తానే ఖరారు చేశాడు చూడండి, వకీలంటే అలా ఉండాలి.

ఆ డింకిన్స్ అదే ఏడాది రూడీ జూలియానీ అనే ఇంకో వకీలుని ఓడించాడు. 1993లో జూలియానీ తిరిగొచ్చి డింకిన్స్‌ని ఓడించాడు. ఇంతవరకూ వకీలు గారు ఉత్సాహంగా చదివారు. చివర్లో నేను ఒక వాక్యం కలిపాను: 2024లో న్యూయార్క్ కోర్టు ఆ జూలియానీ వకీలు లైసెన్సునే రద్దు చేసింది. మా వకీలు గారు ఆ వాక్యం ఈ కేసుకి సంబంధం లేనిదని చెప్పి, కొట్టేసి, పక్కన పొట్టి సంతకం పెట్టారు.

‘అయితే వచ్చే ఎన్నికల్లో మళ్ళీ నిలబడతారా?’ అని అడిగాను. ‘హక్కులు రిజర్వు చేసుకున్నాను’ అన్నారు. అది ఔనో కాదో నాకు తెలియదు. నా స్థలం కేసు గురించి అడిగినా ఇదే మాట చెబుతారు.

ఇంతలో గుమాస్తా తలుపు తోసి, ఎవరో కక్షిదారు వచ్చారన్నాడు. చూస్తే ఆ పెద్దావిడే. కట్టు విప్పేశారు గానీ చెయ్యి ఇంకా సరిగ్గా లేవడం లేదు. గుంట పూడ్చనందుకు నగరపాలక సంస్థ మీద నష్టపరిహారం కేసు వేయాలట.

వకీలు గారు కాసేపు ఏమీ అనలేదు. తర్వాత మెల్లగా, ‘అమ్మా, మీరు నాకు ఓటు వేశారా?’ అన్నారు.

‘లేదు బాబూ. ఆ ఇంకో ఆయనకు వేశాను.’

‘మరి కేసు నా దగ్గరికెందుకు తెచ్చారు?’

‘ఓటుదేముంది, ఎవరికో ఒకరికి పడేస్తాం. కేసు అలా ఇవ్వలేం కదా! ఆ రోజు నన్ను ఎలా నిలబెట్టి అడిగావో, ఆ ఆఫీసర్లను కూడా అలాగే అడగాలి నువ్వు.’

మా వకీలు గారి మొహంలో ఎన్నాళ్ళకో వెలుగు చూశాను. న్యూయార్క్ ఫైలు పక్కకు నెట్టి, కొత్త కాగితం తీసి, కళ్ళజోడు సర్దుకున్నారు.

‘గుంట లోతెంత?’

ఆవిడ సంచిలోంచి టేపు తీసి బల్ల మీద పెట్టింది.