పెట్టుబడి అడిగినవాడు డీసీఆర్ (రోజువారీ కలెక్షన్ రిపోర్టు) కూడా చూపించాలి

"మీరే నా నిర్మాతలు" అని ఒక దర్శకుడు కెమెరా ముందుకొచ్చి చెబితే అభిమానికి ఒళ్లు పులకరిస్తుంది. నాకు మాత్రం ముందు ఒక మొరటు ప్రశ్న వస్తుంది. సినిమా ఆడాక డబ్బులు పంచే వరసలో నా నంబరు ఎంత?

ఈ పిలుపులు ఇప్పుడు ఎక్కువవుతున్నాయి. ఒంటిని మందుల పరీక్షలకు అప్పగించి సంపాదించిన డబ్బు కలిపి, సుమారు 7 వేల డాలర్లతో 'ఎల్ మరియాచి' తీసిన రాబర్ట్ రోడ్రిగేజ్, 2025లో బ్రాస్ నకిల్ ఫిల్మ్స్ అనే సంస్థ పెట్టి తన యాక్షన్ సినిమాల్లో వాటా తీసుకోమని అభిమానులను పిలిచాడు. డబ్బు పెట్టినవాళ్లు కథలు కూడా చెప్పొచ్చన్నాడు. మన దగ్గర ఒక షార్ట్ ఫిల్మ్‌తో పేరొచ్చిన ఏ కుర్రాణ్ణి కదిపినా ఇదే ఆలోచన బయటపడుతుంది. ఫిల్మ్ నగర్‌లో ఆఫీసుల బయట ఏడాదిపాటు కూర్చునే బదులు, వెయ్యిమందిని తలా పదివేలు అడిగితే కోటి రూపాయలు. హీరో డేట్లు, నిర్మాత గారి బావమరిది సలహాలు, ఫైనాన్షియర్ వడ్డీ, ఏ తలనొప్పీ ఉండదు.

పిలుపును నేను తప్పుపట్టను. కన్నడంలో పవన్ కుమార్ 'లూసియా' కథ పట్టుకుని తిరిగితే నిర్మాత దొరకలేదు. బ్లాగులో తన గోడు రాసుకున్నాడు. నూరుమందికి పైగా ముందుకొచ్చి దాదాపు 50 లక్షలు సమకూర్చారు. 2013లో విడుదలైన ఆ సినిమా తర్వాత తమిళంలోకీ వెళ్లింది. తెలుగులో ఫణీంద్ర నర్సెట్టి 'మను' (2018) కూడా జనం దగ్గర సేకరించిన డబ్బుతో తీసిందే. ఈ రెండు కథలనూ మామూలు దారిలో ఏ నిర్మాతా ఒప్పుకునేవాడు కాదు. కాబట్టి అభిమాని డబ్బు లేకపోతే కొన్ని సినిమాలు పుట్టనే పుట్టవు. ఆ మాట ఒప్పుకున్నాకే మిగతాది మాట్లాడుతున్నాను.

నా పేచీ అంతా 'పెట్టుబడి' అన్న ఒక్క పదంతో. చందాకు లెక్క అడగకపోయినా నడుస్తుంది. పెట్టుబడికి నడవదు. మన దర్శకులు చందా అడిగేంత చనువుగా అడిగి, దానికి పెట్టుబడి అని పేరు పెడుతున్నారు.

చట్టం సంగతి చూడండి. కంపెనీల చట్టం, 2013లోని 42వ సెక్షన్ ప్రకారం ప్రైవేట్ ప్లేస్‌మెంట్ (ఎంచుకున్న కొద్దిమందికే షేర్లు ఇచ్చే) పద్ధతిలో ఒక ఆర్థిక సంవత్సరంలో 200 మందికి మించి షేర్లు ఇవ్వజూపకూడదు. సంస్థాగత మదుపర్లు, ఉద్యోగులు ఈ లెక్కలోకి రారు. అన్నిటికంటే తమాషా ఏమిటంటే, ఆ ఆఫర్ గురించి బహిరంగంగా ప్రచారం చేయడానికి కూడా వీల్లేదు. అంటే వెయ్యిమంది, తలా పదివేలు, యూట్యూబ్‌లో పిలుపు అనే ఆ అందమైన కలలో మొదటి మాటా చివరి మాటా రెండూ చట్టానికి అడ్డమే. చిన్న సంస్థలు ఇలా జనం నుంచి పెట్టుబడి సేకరించే పద్ధతిపై షేర్ మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ 2014లో ఒక చర్చాపత్రం విడుదల చేసింది. ఆ తర్వాత నిబంధనలు మాత్రం రాలేదు. అమెరికాలో అయితే 2016 నుంచి ఈ దారి తెరిచే ఉంది. ఏడాదికి 50 లక్షల డాలర్ల వరకు సామాన్యుల దగ్గర సేకరించవచ్చు. కానీ ముందే వివరాలన్నీ ప్రభుత్వ నియంత్రణ సంస్థకు దాఖలు చేయాలి, తర్వాత వార్షిక నివేదిక ఇవ్వాలి. రోడ్రిగేజ్ పిలుపు వెనుక ఆ కాగితాల కట్ట ఉంటుంది. మనవాళ్లు వీడియో చూసి ముచ్చటపడ్డారు గానీ ఆ కట్ట జోలికి పోలేదు.

అగ్రిగోల్డ్ బాధితులు ఏళ్ల తరబడి ధర్నాలు చేసిన నేల ఇది. పదిమంది దగ్గర చిన్న చిన్న మొత్తాలు పోగేయడమంటే ఏమిటో ఇక్కడ ఎవరికీ విడమరిచి చెప్పక్కర్లేదు. దర్శకుడు మోసగాడని అనడం లేదు. మంచివాడి చేతిలోనైనా లెక్క లేని డబ్బు ఎటు పోతుందో అతనికే తెలియదంటున్నాను.

అసలు చిక్కు చట్టం దాటాక మొదలవుతుంది. 'లాభంలో వాటా' అంటారు చూడండి, సినిమా వ్యాపారంలో అంత జారుడు మాట ఇంకోటి లేదు. హాలీవుడ్‌లో 'కమింగ్ టు అమెరికా' (1988) ప్రపంచమంతా ఆడి 28 కోట్ల డాలర్లకు పైగా వసూలు చేసింది. కథ తనదని కోర్టుకెళ్లిన ఆర్ట్ బుక్వాల్డ్‌కు నికర లాభంలో వాటా రావాలి. ఆ సినిమా తీసిన పారమౌంట్ ఏమందో తెలుసా? అసలు నికర లాభమే రాలేదంది! ఆ నికర లాభం సూత్రాన్ని చూసి 1990లో జడ్జి, ఇది మనస్సాక్షికి విరుద్ధం అని తేల్చాడు. లాయర్లను పెట్టుకోగలిగిన పేరున్న రచయితకే ఈ గతి పడితే, పదివేలు పెట్టిన అభిమాని ఏ కోర్టుకు పోతాడు?

మన దగ్గర ఆ జారుడు ఎలా ఉంటుందో ఒక టికెట్ పట్టుకుని చూద్దాం. మల్టీప్లెక్స్‌లో 177 రూపాయల టికెట్. ధర 100 దాటింది కాబట్టి 18 శాతం జీఎస్టీ, అంటే 27 రూపాయలు. మిగిలిన 150 నెట్. అందులో హాలు తన వాటా తీసుకుంటుంది. మొదటి వారంలో అది సుమారు సగం, వారాలు గడిచేకొద్దీ పెరుగుతుంది. ఆ తర్వాత మిగిలేది షేర్. దానిలోంచి డిస్ట్రిబ్యూటర్ కమీషన్, డిజిటల్ ప్రొజెక్షన్ ఖర్చు, పబ్లిసిటీ ఖర్చు పోతాయి. అప్పటికే తీసుకున్న అడ్వాన్స్ ఉంటే అదీ అందులోంచే తీరాలి. రిలీజ్ ముందు రాత్రి చేతులు చాచి తెచ్చిన అప్పు ఉంటే దాని వడ్డీ అన్నిటికంటే ముందు నిలబడుతుంది. వీళ్లంతా వెళ్లాక, అప్పటికీ తలుపు తెరిచే ఉంటే, మన అభిమాని లోపలికొస్తాడు.

సింగిల్ స్క్రీన్ కథ ఇంకా ఘోరం. అద్దె పద్ధతిలో హాలు నిండినా, ఈగలు తోలుకుంటున్నా అద్దె అద్దే. చిన్న సినిమాకు సోమవారం వచ్చే కలెక్షన్ ఆ రోజు అద్దెకు చాలదు. అప్పుడు నిర్మాతే ఎదురు కట్టాలి. ట్రేడ్‌లో దీన్ని నెగెటివ్ షేర్ అంటారు. అంటే జనం కొన్న టికెట్ల వల్ల కూడా నష్టం పెరగొచ్చు! ఈ మాట 'మీరే నా నిర్మాతలు' వీడియోలో నేనింతవరకు వినలేదు.

దీనికి ఎదురు వాదన నాకు తెలుసు. "ఇది ప్రేమతో ఇచ్చే డబ్బు సార్, బెనిఫిట్ షో టికెట్‌కు వేలు తగలేసేవాడు ఒక మంచి సినిమాకు పదివేలు ఇస్తే మీకేం నొప్పి?" అంటారు. నాకేం నొప్పి లేదు. అలాంటప్పుడు చందా అనే అడగండి. 2013లో అమెరికాలో 'వెరోనికా మార్స్' సినిమా కోసం 91,585 మంది అభిమానులు 57 లక్షల డాలర్లు ఇచ్చారు. ప్రతిఫలంగా టీషర్టులు, డిజిటల్ కాపీలు అందుకున్నారు. సినిమా హక్కులు వార్నర్ బ్రదర్స్‌వే. కనీసం అక్కడ వాటా ఇస్తామని ఎవరూ ఆశ పెట్టలేదు.

కొన్నేళ్ల కిందట నేనూ ఒక చిన్న సినిమాకు పాతికవేలు ఇచ్చాను. సినిమా బాగుంది, అబద్ధం చెప్పను. టైటిల్స్‌లో నా పేరు పడింది, ఒక అక్షరం తప్పుతో. లెక్క మాత్రం ఇప్పటికీ రాలేదు. దర్శకుణ్ణి అడిగితే "ఓటీటీ పేమెంట్ రావాలి సర్" అన్నాడు. రెండోసారి అడగడానికి నాకే మొహమాటం వేసింది. ఈ వ్యవహారమంతా ఆ మొహమాటం మీదే నడుస్తోందని నా అనుమానం.

నిజానికి ఈ రోగం చిన్న దర్శకుడి దగ్గర పుట్టలేదు. పెద్ద సినిమా దగ్గరే పుట్టింది. శుక్రవారం రిలీజ్, శనివారం పొద్దున్నే పోస్టర్ మీద వందల కోట్ల గ్రాస్. ఆ అంకె ఎక్కడిదో హీరోకు తెలియదు, డిస్ట్రిబ్యూటర్‌కు తెలిసినా చెప్పడు, ఫ్యాన్ మాత్రం దాన్ని పట్టుకుని సోషల్ మీడియాలో కొట్టుకుంటాడు. దక్షిణ కొరియాలో ఫిల్మ్ కౌన్సిల్ నడిపే 'కోబిస్' అనే వ్యవస్థలో, ఏ సినిమాకు నిన్న ఎన్ని టికెట్లు తెగాయో, ఎంత వసూలైందో ఎవరైనా చూసుకోవచ్చు. అక్కడ పోస్టర్ అబద్ధం చెబితే ఆ రోజే దొరికిపోతుంది. మన దగ్గర 2021లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం చట్టం సవరించి ఆన్‌లైన్ టికెట్లు తానే అమ్ముతానంది. డబ్బు ప్రభుత్వం చేతిలో ఇరుక్కుంటుందన్న పరిశ్రమ భయం న్యాయమైనదే. కానీ ఆ గొడవ కోర్టుకెక్కాక, టికెట్ల లెక్క ఒకచోట అందరికీ కనిపించాలన్న అసలు ఆలోచన కూడా దానితోపాటే మునిగింది. డబ్బు మా దగ్గరే ఉంచుకుని లెక్క మాత్రం బయటపెడతామని పరిశ్రమ పెద్దలు ఒక్కరైనా అన్నారా? 2025 మేలో ఎగ్జిబిటర్లు (థియేటర్లు నడిపేవాళ్లు) అద్దె వద్దు, వసూళ్లలో పర్సంటేజీ కావాలని, లేకపోతే జూన్ 1 నుంచి థియేటర్లు మూసేస్తామని హెచ్చరించారు. పర్సంటేజీ పద్ధతికి నికరమైన కలెక్షన్ లెక్కే పునాది. గొడవంతా ఎవరికెంత అన్నదాని మీద జరిగింది. ఆ పునాది ఊసు ఎవరూ ఎత్తలేదు.

అందుకే నా ఆశ చిన్న దర్శకుడి మీదే. పెద్ద నిర్మాతకు లెక్క దాచడంలో లాభం ఉంది. అభిమానుల డబ్బుతో తీసేవాడికి దాచడానికి ఏముంది? సినిమాకు విడిగా ఒక బ్యాంకు ఖాతా తెరవొచ్చు. నికర లాభంలో వాటా అనే మాట మానేసి, కంపెనీకి వచ్చే ప్రతి రూపాయిలో ఇన్ని పైసలు మీవి అని రాసివ్వొచ్చు. తన పారితోషికం ఎప్పుడు, ఎంత తీసుకుంటాడో ముందే చెప్పొచ్చు. రేపు రీమేక్ హక్కులు అమ్ముడుపోతే అందులో వీళ్లకు భాగం ఉందో లేదో ఒక్క వాక్యంలో తేల్చొచ్చు. 200 మందికి మించకుండా, ముందు నుంచీ తెలిసినవాళ్లనే కలుపుకుని, చార్టర్డ్ అకౌంటెంట్ ఫీజు కూడా బడ్జెట్‌లో వేసుకుని ఇదంతా చేయొచ్చు. డ్రోన్ షాట్ ఒకటి తగ్గుతుంది, అంతే.

ఈ మాట ఎత్తగానే అందరూ శ్యామ్ బెనెగల్ 'మంథన్' (1976) పేరు చెబుతారు. గుజరాత్‌లో 5 లక్షల మంది పాడి రైతులు తలా 2 రూపాయలు వేసుకుని తీయించిన సినిమా. రిలీజయ్యాక లారీలెక్కి వచ్చి మరీ చూశారు. అభిమానుల పెట్టుబడికి ఇదే ఆదర్శమంటారు. కానీ ఆ రైతులు ఆ 2 రూపాయలు ఎవరి మీద నమ్మకంతో ఇచ్చారో చూడాలి కదా. వాళ్లకు తెలిసింది దర్శకుడు కాదు, తమ సహకార సంఘం. రోజూ అక్కడ పాలు పోసినప్పుడు కళ్లముందే కొలిచి, వెన్న శాతం చూసి, దాన్నిబట్టి డబ్బు కట్టేవాళ్లు. ముందు లెక్క కుదిరింది, ఆ తర్వాతే సినిమా వచ్చింది. మనం సినిమా ముందు తీసి లెక్క తర్వాత చూద్దామంటున్నాం.

కాబట్టి నన్ను పదివేలు అడగబోయే దర్శకుడికి ఒకటే షరతు. శుక్రవారం నాకు పోస్టర్ పంపకపోయినా ఫర్వాలేదు. శనివారం పొద్దున్న ప్రతి సెంటర్ డీసీఆర్ వాట్సాప్ గ్రూపులో పడాలి, ఖాళీ హాళ్లవి కూడా. ఆ మాట రాసిస్తే సినిమా పోయినా అడగను, తర్వాతి సినిమాకు కూడా పంపిస్తాను.