పదకొండో గడియారం

మా ఊరి సేవా క్లబ్బు వారు ఊరి చివరున్న హాస్పిస్‌కి పోయిన జూలైలో పదకొండో గోడ గడియారం బహూకరించారు. అక్కడున్న మంచాలు ఎనిమిది. మంచానికొకటి చొప్పున పంచినా ఇంకా మూడు మిగులుతాయి. ఇక చేసేదేమీ లేదని పెద్దాసుపత్రుల వాళ్లు పంపేసిన కేన్సర్ రోగులు ఆఖరి రోజులు కాస్త నొప్పి లేకుండా గడపడానికి వచ్చే చోటు అది. అలాంటివాళ్లకి టైమెంతయిందో తెలియకపోతే ఎంత ఇబ్బంది! ఆ ఇబ్బందిని కనిపెట్టి, ఏటా ఒక గడియారం చొప్పున తీరుస్తున్న క్లబ్బు ముందుచూపుకి చేతులెత్తి మొక్కాలి.

గడియారమే ఎందుకని అడిగేవాళ్లుంటారు. వాళ్లకి సేవలో ఓనమాలు రావు. హాస్పిస్ సిస్టర్ ఏటా జూన్‌లో నోటుబుక్కు కాగితం మీద ఒక చిట్టా రాసి పంపుతుంది. పెద్దవాళ్ల డైపర్లు, దూది, గాజు గుడ్డ, రెండు ఎయిర్ బెడ్లు, మెట్రోనిడజోల్ మాత్రలు. ఈ ఆఖరిది మనం విరేచనాలకి వేసుకునే మాత్రే. పొడి చేసి కేన్సర్ పుండు మీద చల్లితే కుళ్లు వాసన తగ్గుతుంది. వాసన తగ్గితే మనవలు మంచం దాకా వస్తారు. బాగానే ఉంది. కానీ ఆ పొడి మీద "ఫలానా వారి సౌజన్యంతో" అని ఎక్కడ అచ్చు వేయించాలి? డైపర్ మీద వేయించారే అనుకోండి, ఎటువైపు వేయించాలి? గడియారానికి ఆ తంటా లేదు. డయలు నడిమధ్యన ప్రెసిడెంట్ గారి పేరు, కింద వాళ్ల షాపు పేరు, సెల్ నంబరు. ముళ్లు ఎంత తిరిగినా ఆ పేరు చుట్టూ తిరగాల్సిందే.

క్లబ్బుల ఏడాది మనలా జనవరిలోనో ఉగాదికో మొదలవదు, జూలై 1న మొదలవుతుంది. అప్పుడు కొత్తాయన మెడలోకి ప్రెసిడెంట్ పదవికి గుర్తుగా వేసే కాలర్ వస్తుంది, పాతాయన "ఇమ్మీడియట్ పాస్ట్ ప్రెసిడెంట్" అవుతాడు. మా క్లబ్బులో సభ్యులు ముప్పైమంది, అందులో పాస్ట్ ప్రెసిడెంట్లే ఇరవైమంది పైన. (మీ ఊళ్లోనూ ఇదే లెక్క అయ్యుంటుంది, చూసుకోండి.) పోయినాయన మొదలుపెట్టిన పనిని ఈయన కొనసాగిస్తే ఇక ఈయన చేసిందేముంది? నాలుగేళ్ల కిందట ఎవరో గడియారంతో పాటు పొరపాటున ఒక ఎయిర్ బెడ్ కూడా ఇచ్చారు. మరుసటేడు దాని మోటారు కాలిపోయింది. అది మన హయాంలోది కాదన్నారు. ఆ పరుపు ఇప్పుడు మడతపడి బీరువా మీద ఉంది. దానికి సరిగ్గా పైన, గోడన, ఏడో గడియారం.

పదకొండో గడియార ప్రదానోత్సవం నేను కళ్లారా చూశాను. ఉదయం పదకొండింటికన్నారు. పన్నెండుకి పది నిమిషాలుందనగా నాలుగు కార్లొచ్చాయి. ముందుగా ఫ్లెక్సీ కట్టారు. "రోగులు త్వరగా కోలుకుని క్షేమంగా ఇళ్లకు చేరాలని ఆకాంక్షిస్తూ" అని దాని మీద. ఎనిమిది మంచాల్లో చదువొచ్చినవాళ్లు ముగ్గురు. ముగ్గురూ చదివారు. తర్వాత జ్యోతి ప్రజ్వలన. ఆక్సిజన్ సిలిండర్ పక్కన వత్తి వెలిగించొద్దని సిస్టర్ అడ్డుపడింది. కార్యవర్గం తలుపు దగ్గర అత్యవసరంగా సమావేశమైంది. చివరికి ట్రెజరర్ గారు తన ఫోన్‌లో దీపం బొమ్మ తీసి బల్ల మీద నిలబెట్టారు. వెలిగించని కొవ్వొత్తిని ఒకరి తర్వాత ఒకరు ఆ ఫోన్‌కి తాకించి, కళ్లు మూసుకుని దణ్ణం పెట్టుకున్నారు. మధ్యలో ఫోన్ మోగింది. దీపం పోయి ఎవరో లోన్ కావాలా అనేవాళ్ల నంబరు వచ్చింది.

ఆ వెంటనే సన్మానం. ఇచ్చేవాళ్లకి శాలువా కప్పడం పుచ్చుకునేవాళ్ల ధర్మం కాబట్టి పద్నాలుగు శాలువాలూ హాస్పిస్ వాళ్లే కొన్నారు. ఆ గడియారం ఖరీదుకి రెండు శాలువాలు కూడా రావు.

ఇక ఫోటో. గడియారం అడుగు వెడల్పుంది. పట్టుకోవాల్సినవాళ్లు తొమ్మిదిమంది. ముగ్గురి చేతులు పట్టేసరికే అంచు అయిపోయింది. మిగతావాళ్లు ముందున్నవాళ్ల మోచేతులు పట్టుకున్నారు, వాళ్ల వెనకవాళ్లు వాళ్ల భుజాలు. కరెంటులాగా సేవ ఒకరి నుంచి ఒకరికి పాకింది. "వెలుతురు చాలట్లేదు, ఆ మూడో మంచం కిటికీ వైపు జరపండి" అన్నాడు ఫోటోగ్రాఫర్. జరిపారు. మంచంతో పాటు దాని మీది తాత కూడా జరిగాడు. "తాతా, కళ్లు తెరిచి ఇటు గడియారం వంక చూడు" అన్నారు ప్రెసిడెంట్ గారు. తాత చూశాడు.

"టైమెంతయింది బాబూ?"

ప్రెసిడెంట్ గారు చేతిలో ఉన్నదాన్ని చూసి "పదీ పది" అన్నారు. షాపులో కొత్త గడియారాలన్నీ పదీ పదికే ఉంటాయి. సెల్ ఇంకా వేయలేదు. అప్పటికి పన్నెండూ ఇరవై.

పన్నెండూ ఇరవై అని నాకెలా తెలుసంటే, ఐదో మంచం మీద మా పెద్దమ్మ ఉంది.

ఆవిడకి నాలుగు గంటలకోసారి నొప్పికి మార్ఫిన్ మాత్ర పడాలి. ఎనిమిదికి ఒకటి, పన్నెండుకి ఒకటి. మాత్రలుండే బీరువా తాళం సిస్టర్ దగ్గరే ఉంటుంది. సిస్టర్ పూలపళ్లెం పట్టుకుని ప్రెసిడెంట్ గారి కుడిపక్కన నిలబడి ఉంది. రెండుసార్లు సైగ చేశాను. "ఒక్క నిమిషం సార్, ఫ్రేములోకి వస్తున్నారు" అని నన్ను పక్కకి తప్పించారు. తప్పుకున్నాను. ఉపన్యాసానికి చప్పట్లు కూడా కొట్టాను, అలవాటు కొద్దీ. కేన్సర్ వెన్నులోకి దిగిన మనిషి ఆవిడ. దిండు గలీబు కొస నోట్లో కుక్కుకుని పళ్లతో బిగబట్టి ఉంది. పన్నెండూ నలభైకి మాత్ర పడింది. చాలాసేపటికి గుడ్డ వదిలి, "వెళ్లిపోయార్రా వాళ్లు?" అంది. వెళ్లారన్నాను. "పెద్దమనుషులొచ్చారు గదా, అరిస్తే బాగోదని" అంది.

నలభై నిమిషాలు. పదకొండు గడియారాల కింద. కేన్సర్ నొప్పికి మందు గడియారం చూసి ఇవ్వాలని, నొప్పి లేచాక కాదు, లేవకముందే వేయాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 1986లోనే చెప్పింది. అంతకు ముందే, 1967లో లండన్‌లో సెయింట్ క్రిస్టఫర్స్ హాస్పిస్ పెట్టిన సిసిలీ సాండర్స్ చేసి చూపించిందీ అదే. మార్ఫిన్ తీసే నల్లమందు మన దేశంలోనే పండుతుంది. 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం దెబ్బకి ఆసుపత్రులు ఆ మాత్ర దగ్గర పెట్టుకోవడానికే భయపడ్డాయి. 2014లో చట్టం సడలించారు, అయినా మా ఊళ్లో నేను తిరిగిన ఏ మందుల షాపులోనూ దొరకలేదు. అంత కష్టమ్మీద వచ్చిన మాత్ర బీరువాలో ఉంది. ఆ మాత్ర కావాల్సిన మనిషి పది అడుగుల దూరంలో ఉంది. మధ్యలో మీరు నిలబడ్డారు, తొమ్మిదిమంది, పళ్లికిలించుకుని. ఏమయ్యా, ఫోటోలే కావాలంటే మీ షాపుల ముందు దిగండి, మీ పెళ్లాం పిల్లలతో దిగండి. చచ్చిపోతున్న మనిషి మంచం జరిపి దిగడమేమిటి?

చేతకాక చేయట్లేదంటే ఊరుకుందును. హైదరాబాద్‌లో బంజారాహిల్స్ రోటరీ క్లబ్బు 2011లో స్పర్శ్ హాస్పిస్ మొదలుపెట్టింది, రోగుల దగ్గర పైసా తీసుకోకుండా నడుపుతోంది. వాళ్లకీ ప్రెసిడెంట్ ఏటా జూలైలోనే మారతాడు. కేరళలోని కోళికోడ్‌లో 1993లో కొందరు డాక్టర్లు మొదలుపెట్టిన పనిని మామూలు జనం అందుకుని, ఇళ్లకెళ్లి పుండ్లు కడిగి వస్తున్నారు. ఆ పనికి శాలువా అడ్డం.

మా సిస్టర్ మాత్రం గడియారాల్ని వృథా పోనివ్వలేదు. ఆవిడ దగ్గరొక బీపీ మిషన్ ఉంది, దానికి నాలుగు సెల్లులు పడతాయి. కార్లు గేటు దాటగానే స్టూలెక్కి గడియారాల్లోంచి సెల్లులు తీసేస్తుంది. అందుకే ఆ గోడన ఒక్కోటి ఒక్కో టైము దగ్గర ఆగి ఉంటుంది. "బహూకరించిన వస్తువుల నిర్వహణ సరిగా లేదు" అని క్లబ్బు వాళ్ల నెలవారీ పత్రికలో బాధపడ్డారట కూడా.

పెద్దమ్మ దసరా వెళ్లాక పోయింది. నిన్న, ఈ జూలైలో రాబోయే ప్రెసిడెంట్ గారు ఫోన్ చేశారు. "పెద్దమ్మ గారి జ్ఞాపకార్థం ఈసారి మీరే స్పాన్సర్ చేయాలండి. డయలు మీద ఆవిడ ఫోటో కూడా వేయిద్దాం."

"ఎన్ని సెల్లులు పడతాయండీ దానికి?" అన్నాను.

"ఒక్కటేనండి, పెద్ద ఖర్చేం కాదు."

నాలుగు పట్టేదేమైనా ఉందేమో కనుక్కోమన్నాను. సరే, షాపులో అడిగి చెప్తానన్నారు. ఎందుకని మాత్రం అడగలేదు.