ఫెవికాల్ నీళ్లతో డెకాల్ పెయింట్‌లో కలిసిపోతుందా?

2025 సెప్టెంబర్ 26న చండీగఢ్‌లో మిగ్-21 యుద్ధవిమానానికి వీడ్కోలు చెప్పాక, ఒడిశాలోని సునాబెడ, జయపురం వైపు మన తెలుగువాళ్ల ఇళ్లలో అటక మీదున్న ఆ విమానం ప్లాస్టిక్ మోడల్ కిట్లు మళ్లీ కిందికి దిగాయి. దిగకేం! దాని ఇంజన్లు చేసిన హెచ్‌ఏఎల్ ఫ్యాక్టరీ సునాబెడలోనే ఉంది, 1964లో పెట్టింది. నాన్నో మావయ్యో అందులో పనిచేసిన ఇళ్లు ఇక్కడ బోలెడు. కిట్లతోపాటే ఒక వాట్సాప్ మెసేజ్ కూడా తెగ తిరుగుతోంది. డెకాల్ అంటే నీళ్లలో నానబెట్టి, కాగితం మీంచి జార్చి మోడల్‌కి అతికించే సన్నటి గుర్తు. సెట్టర్, సాఫ్టర్ దాన్ని అతికించేటప్పుడు రాసే ద్రవాలు. గ్లాసీ కోట్ పెయింట్ మీద వేసే మెరిసే పారదర్శకపు పూత. మెసేజ్ సారాంశం ఇదీ: "డెకాల్ అంచులు కనపడకుండా రావాలంటే గ్లాసీ కోట్ అక్కర్లేదు, మ్యాట్ పెయింట్ మీదే అతికించండి. సెట్టర్, సాఫ్టర్ రెండూ ఒకటే, వెనిగర్ చాలు. ఇంకా గట్టిగా కావాలంటే నెయిల్ పాలిష్ రిమూవర్. లేచిపోతుంటే ఫెవికాల్ నీళ్లు. ముడతలొస్తే హెయిర్ డ్రయర్. చివర్లో మ్యాట్ వార్నిష్ కొడితే అన్నీ మాయం. మిగతాదంతా కంపెనీల వ్యాపారం."

అసలు చిక్కంతా మొదటి వాక్యంలోనే ఉంది. మ్యాట్ పెయింట్ మ్యాట్‌గా కనిపించేదే దాని పైభాగం గరుకుగా ఉండటం వల్ల. ఆ గరుకు మీద డెకాల్ పొర పరిస్తే అది ఎత్తుల మీద ఆగిపోతుంది, పల్లాల్లో గాలి మిగిలిపోతుంది. వెలుతురు ఆ గాలికి తగిలి వెనక్కి రావడంతో పొర కింద వెండిలా మెరుస్తుంది. మోడలింగ్ చేసేవాళ్లు దీన్నే సిల్వరింగ్ అంటారు. 1/72 సైజు (అసలు విమానంలో 72వ వంతు) మిగ్ తోకని ట్యూబ్‌లైట్ కింద కాస్త ఏటవాలుగా పట్టుకుని చూడండి. సీరియల్ నంబర్ అంకెలు బాగానే ఉంటాయి. అంకెకీ అంకెకీ మధ్యనున్న పారదర్శకపు పొర మాత్రం పుస్తకం అట్టకి వేసిన టేపులా తళతళలాడుతుంది. ముదురాకుపచ్చ కామోఫ్లాజ్ మీదైతే మరీ కొట్టొచ్చినట్టు.

గ్లాసీ కోట్ చేసే పని ఆ పల్లాల్ని పూడ్చడం. అద్దంలా మెరవాలనేం లేదు, వేలితో రాస్తే గరుకు తగలకుండా ఉంటే చాలు. "మేం వేశాం, మోడల్ మొత్తం తెల్లబారింది" అనేవాళ్లూ ఉన్నారు, మెసేజ్‌ని బలంగా నమ్మేది వాళ్లే. జూలైలో, కొండల మీద ముసురు పట్టినప్పుడు, లాకర్ క్లియర్ (సాల్వెంట్‌తో చేసిన పారదర్శకపు పూత) స్ప్రే చేస్తే అలాగే అవుతుంది. సాల్వెంట్ ఆవిరవుతూ ఉపరితలాన్ని చల్లబరుస్తుంది, గాల్లో తేమ ఆ తడి పొరలో చేరి పాలలా తెల్లబడుతుంది. వాన తెరిపిచ్చి గాలి పొడిగా ఉన్న మధ్యాహ్నం చూసి పలచగా కొట్టండి, లేదా ఆక్రిలిక్ క్లియర్ బ్రష్‌తో వేయండి. తేమ తప్పుకి గ్లాసీ కోట్‌ని తిడితే ఎలా?

వెనిగర్ మాటలో కాస్త నిజం ఉంది. మైక్రో సెట్ అనే సెట్టర్ సీసా మూత తీస్తే వచ్చేది వెనిగర్ వాసనే. డెకాల్ పెట్టేచోట ముందుగా రాస్తే బాగా పట్టుకుంటుంది. సెట్టర్ దొరకని రోజున నీళ్లు కలిపిన వెనిగర్‌తో నెట్టుకురావచ్చు, కాదనను. కానీ మైక్రో సోల్, మిస్టర్ మార్క్ సాఫ్టర్ లాంటి సాఫ్టర్లు చేసేది వేరే పని. అవి పొరనే మెత్తబరుస్తాయి. రెక్క మీది కాషాయం, తెలుపు, ఆకుపచ్చ వలయాల గుర్తు ప్యానెల్ గీతలోకి దిగి, గీత పైనుంచి కూడా కనపడేది దీనివల్లే. సాఫ్టర్ రాసిన కాసేపటికి డెకాల్ ముడతలు పడుతుంది. అక్కడే చాలామందికి టెన్షన్ పట్టుకుని వేలో బ్రష్షో పెట్టేస్తారు. ముట్టుకోకండి. ఆ ముడతలు ఆరేకొద్దీ వాటంతటవే సర్దుకుంటాయి. ఆ టైములో వేలు పెడితే మాత్రం చిరుగుతుంది.

నెయిల్ పాలిష్ రిమూవర్ గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. చాలావాటిల్లో అసిటోన్ ఉంటుంది. అది డెకాల్‌నీ, పెయింట్‌నీ, కింద కిట్ తాలూకు ప్లాస్టిక్ అయిన పాలిస్టైరీన్‌నీ కూడా కరిగిస్తుంది.

ఫెవికాల్ నీళ్లు ఎప్పుడు పనికొస్తాయంటే, డెకాల్‌ని గిన్నెలో మరీ ఎక్కువసేపు నానబెట్టి, దానికున్న జిగురంతా కొట్టుకుపోయినప్పుడు. గోరువెచ్చటి నీళ్లలో కొన్ని సెకన్లు ముంచి, తీసి టిష్యూ మీద ఒక నిమిషం ఉంచితే ఆ అవసరమే రాదు. పైగా సిల్వరింగ్ జిగురు లేక వచ్చే జబ్బు కాదు, గాలి వల్ల వచ్చేది. ఫెవికాల్ చిక్కగా ఉంటే దానికి తోడు ఒక గడ్డ కూడా కనిపిస్తుంది.

హెయిర్ డ్రయర్ కూడా పూర్తిగా అబద్ధం కాదు. మందపాటి డెకాల్‌ని కొద్దిపాటి వెచ్చదనం దారికి తెస్తుంది. అయితే డెకాల్ ఇంకా తడిగా ఉండగానే గాలి తగిలితే చోటు మారిపోతుంది. పాలిస్టైరీన్ 100 డిగ్రీల సెల్సియస్ దగ్గర మెత్తబడుతుంది. డ్రయర్ దగ్గరగా పెడితే మిగ్ ముక్కు ముందు పొడుచుకొచ్చే సన్నటి పిటో గొట్టం (విమానం వేగం కొలవడానికి వాడేది) మీ కళ్లముందే వంగిపోతుంది.

ఇక మ్యాట్ వార్నిష్. పైన ఏం కొట్టినా కింద చిక్కుకున్న గాలి బయటికి రాదు. వెండి మెరుపు మ్యాట్ కింద నుంచి కూడా తెల్లటి మరకలా కనపడుతుంది. అది పోవాలంటే సన్నటి సూదితో ఆ చోట నాలుగైదు చిల్లులు పొడిచి, సాఫ్టర్ రాసి, ఆరాక మళ్లీ రాయాలి. డెకాల్ అంచు దగ్గర పొర మందం మెట్టులా కనపడటం సంగతి వేరు. డెకాల్ మీద క్లియర్ రెండు మూడు పూతలు వేసి, బాగా గట్టిపడ్డాక 2000 నంబర్ గరుకు కాగితాన్ని (శాండ్‌పేపర్) తడిపి తేలిగ్గా రుద్దాలి, ఆ తర్వాతే మ్యాట్. మెసేజ్ మధ్యలో చేయాల్సిన ఈ పనంతా ఎగ్గొట్టి చివరి పూతకి మొత్తం ఘనత కట్టబెట్టింది.

సీసాల ఖర్చు అంటారా, బ్రష్‌తో పలచగా రాసే ద్రవం కాబట్టి ఒక్కటి తెప్పించుకుంటే నలుగురు పంచుకున్నా చాలా కిట్లకి వస్తుంది. వెనిగరో సాఫ్టరో, ఏది వాడినా ముందు షీట్‌లో మీకు అక్కర్లేని గుర్తు ఒకటి కత్తిరించి, పెయింట్ వేసిన పనికిరాని ప్లాస్టిక్ ముక్క మీద పెట్టి చూడండి. చాలా మిగ్ కిట్లలో వేరే దేశాల వైమానిక దళాల గుర్తులు కూడా ఇస్తారు, మనకి అవి ఎలాగూ మిగిలిపోయేవే.